దిగువ కుర్చీ

ఖాళీ కుర్చీ కనిపిస్తే అది నాకోసమే వేశారనుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన తెలివితక్కువతనం. పెళ్ళిళ్ళలో వీడియో తీసేవాడి కుర్చీలో కూర్చుని లేపించుకున్నాను. ఒకసారి ఆసుపత్రిలో రోగుల కుర్చీ అనుకుని డాక్టరుగారి కుర్చీలో కూర్చున్నాను. నా వెనకే వచ్చిన ముసలాయన నోరు తెరిచి నాలుక చాపేదాకా నాకు సంగతి బోధపడలేదు. అవన్నీ ఒక ఎత్తు. క్రికెట్ మ్యాచ్‌లు చూడ్డానికి అరకు కొండల్లో ఊరూరా తిరుగుతూ నేను కూర్చున్న కుర్చీలు ఇంకో ఎత్తు. ఎత్తు అని మాట వరసకి అన్నాను గానీ, అవన్నీ పల్లంలోనే ఉండేవి.

మాది సాలూరు. కొండ కింద ఊరు. ఉద్యోగం చేసింది, పెళ్ళి చేసుకున్నది మాత్రం కొండ మీద. అరకు లోయలో ఒక బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. బడిలో ఉన్నంతకాలం ఆదివారాలు కూడా పేపర్లు దిద్దడంతో సరిపోయేది. రిటైరయ్యాక చూసుకుంటే చేతినిండా ఆదివారాలే. టీవీలో క్రికెట్ చూద్దామా అంటే ఆట కంటే పాన్‌మసాలా ఎక్కువ. అప్పుడు మా బావ అందుకున్నాడు.

మా బావంటే మా ఆవిడకి అన్న. బస్సు కండక్టరు. నేనతన్ని బావా అంటాను, అతను నన్ను బావా అంటాడు. మా మధ్య సమానత్వం ఆ పిలుపుతో సరి. అతను తిరిగే బస్సు కొండల్లో చాలా ఊళ్ళ మీదుగా వెళ్తుంది కనక, ఏ ఊళ్ళో ఏ ఆదివారం టోర్నమెంటో అతనికి తెలియకుండా ఉండదు. మ్యాచ్ చూసొచ్చి, సోమవారం పొద్దున బస్సులో టిక్కెట్లు కొడుతూ ఆటంతా పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఆ కథ పూర్తవక దిగాల్సిన ఊరు దాటిపోయినవాళ్ళు కూడా ఉన్నారు.

"ఇంట్లో కూకోని ఏటి సేస్తన్నావు బావా? రా, గ్రౌండులు సూపిస్తాను. ఒక్కో గ్రౌండూ ఒక్కో రకం," అన్నాడు.

అది మాత్రం నిజం. కొండల్లో ఎన్ని గ్రౌండులున్నాయో అన్ని రూళ్ళున్నాయి. ఒక ఊళ్ళో బంతి చర్చి గోడకి తగిలితే నాలుగు, గంటకి తగిలితే ఆరు. పక్క ఊళ్ళో పనసచెట్టుకి తగిలి కింద పడేలోగా పట్టుకుంటే అవుటు. పనసకాయ పడితే అవుటు కాదు, అది పట్టుకున్నవాడిది. ఇంకో ఊళ్ళో పిచ్ మీదికి ఆవులొస్తే అవి వెళ్ళిపోయేదాకా టీ విరామం. ఇవన్నీ వినేసరికి, ఇలాంటి గ్రౌండులు ఎన్నుంటే అన్నీ చూడాలని నాకు కోరిక పుట్టింది.

మొదటి గ్రౌండు పాడేరు రోడ్డు మీంచి లోపలికి వెళ్ళే ఒక ఊళ్ళో. రెండు మెట్టచేలు కలిపి చదును చేసిన జాగా. ఒక పక్క కొండ పైకి వెళ్తుంది, ఇంకో పక్క కొండ కిందికి జారిపోతుంది. పై పక్క ఎగువ, కింది పక్క దిగువ. ఎగువన చెట్టు నీడ, పాస్టరుగారి మైకు, స్కోరు రాసే బల్ల, ఊరి జనమంతా, బల్ల కాలికి కట్టేసిన బహుమతి మేకపోతు. దిగువన ఒకే ఒక్క ప్లాస్టిక్ కుర్చీ. ఎర్రది. ఖాళీది.

"అక్కడెవరూ కూర్చోలేదేం బావా?"

"నీలాటి పెద్దోలకని వొగ్గీసినారు. ఎల్లు, కూకో. ఆటంతా సక్కగా కనిపిస్తాది."

వెళ్ళి కూర్చున్నాను. నేను కూర్చోగానే ఎగువ జనమంతా చప్పట్లు కొట్టారు. ఇంత గౌరవం నా రిటైర్మెంటు సభలో కూడా జరగలేదు. లేచి నమస్కారం పెట్టి మళ్ళీ కూర్చున్నాను. ఆట మొదలైంది. బావ చెప్పినట్టే చక్కగా కనిపించింది కూడా.

చివరి ఓవర్లలో ఒక కుర్రాడు కొట్టిన బంతి నా నెత్తి మీదుగా వెళ్ళి వెనక లోయలో పడింది. నేను చప్పట్లు కొట్టాను. ఇంకెవరూ కొట్టలేదు. కొట్టినవాడు బ్యాటు నేలమీద పెట్టి దానిమీద కూర్చున్నాడు. వేసినవాడు నడుం మీద చేతులు పెట్టుకుని నా వైపు చూస్తున్నాడు. ఊరంతా నా వైపే చూస్తోంది.

మైకు గొంతు సవరించుకుంది. "దిగువ కుర్చీలో ఆసీనులైన మేస్టారుగారికి మా హృదయపూర్వక వందనములు."

నేను మళ్ళీ లేచి నమస్కారం పెట్టాను.

"మేస్టారుగారు బంతి తేవాలని కోరుచున్నాము."

నాకర్థం కాలేదు. ఎగువన చుట్ట కాలుస్తున్న ఒక ముసలమ్మకి ఓపిక నశించింది. "బాబూ, దిగువ కుర్సీలో కూకున్నోడే దిగాల. తెలీదేటి? తెలీకపోతే ఎందుకు కూకున్నావు?"

తెలియకపోవడం వల్లే కూర్చున్నానని ఆవిడకెలా చెప్పను?

తర్వాత బావ వివరించాడు. వెనకటికి బంతి లోయలో పడితే ఎవరు తేవాలని జట్ల మధ్య తగువులయ్యేవట. గెలుస్తున్న జట్టువాడు దిగితే బంతి దొరికినా దొరకలేదనేవాడట. అందుకని పెద్దలు కూర్చుని తేల్చారు. ఏ జట్టుకీ చెందని పరాయి ఊరి మనిషి, మాట మీద నమ్మకం ఉన్న మనిషి దిగువన కూర్చోవాలి. బంతి పోతే అతనే తేవాలి. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఇదే పద్ధతి పట్టాయి. బంతులు రెండుంటాయి. దిగువ మనిషి లేచి దిగడం మొదలుపెట్టాకే రెండో బంతితో ఆట సాగుతుంది. రెండూ పోతే ఆట ఆగుతుంది.

ఆ రోజు నేను తుప్పల్లో పాకుతూ బంతి వెతుకుతుంటే పైనుంచి కేకలు, డప్పులు, ఈలలు. ఏదో జరుగుతోంది. ఏం జరుగుతోందో తెలీదు. బంతి పట్టుకుని, రొప్పుకుంటూ పైకొచ్చేసరికి మేకపోతుని విప్పుతున్నారు.

"అయిపోయిందా?"

"ఓలమ్మో, ఏటి ఆట బావా! ఇలాటి సివరి బంతి నా జన్మలో సూల్లేదు," అన్నాడు బావ.

తిరుగు దారిలో మోటారుసైకిలు మీద ముందు కూర్చుని చెప్పాడు. సగం నాకు వినపడింది, సగం గాలి తీసుకుపోయింది. ఎవరు గెలిచారో తెలిసింది గానీ ఎలా గెలిచారో గాలికే తెలుసు.

ఇదే నా కథ అయిపోయింది. ఏ గ్రౌండైనా ఒకటే వరస. చివరి ఓవర్లలో అందరూ దిగువకే బాదుతారు. కొండ కూడా సాయం చేస్తుంది కదా మరి. ఆట ముగిసే వేళకి నేనెక్కడో ఒక పొదలో ఉంటాను. ఇన్ని ఊళ్ళు తిరిగి, ఇన్ని మ్యాచ్‌లకి వెళ్ళి, ఒక్క మ్యాచ్‌లో ఒక్క చివరి బంతి నా కళ్ళతో చూడలేదు. అన్నం వడ్డించి, చారు దగ్గరికొచ్చేసరికి లేపేసినట్టుండేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, చివరి బంతి పడడం చూడాలి. నాకింకేం అక్కర్లేదనిపించేది.

వలిసె పూల రోజుల్లో ఒక మ్యాచ్ జరిగింది. దిగువంతా వలిసె చేలు, లోయ నిండా పసుపు. బంతి కూడా పసుపే. బంతిపువ్వుకీ బంతికీ తెలుగులో ఒకే మాట ఎందుకుందో ఆ చేలో నిలబడితే తెలిసింది. ప్రతి పువ్వూ బంతిలాగే ఉంది, బంతి మాత్రం ఎక్కడా లేదు. నేను వంగి వెతుకుతుంటే ఫోటోలు తీసుకోవడానికొచ్చిన టూరిస్టు జంట ఒకటి నన్ను చేను గలాయన అనుకుంది.

"అంకుల్, లోపలికి రావచ్చా?" అంది ఆ అమ్మాయి.

"రావచ్చమ్మా. వస్తే కాస్త కిందికి చూస్తూ నడవండి," అన్నాను.

వాళ్ళ ఫోటోల్లో ఎక్కడో వెనకాల నడుం వంచి ఒక మనిషి ఉంటాడు. అది నేనే. ఆ రోజు కూడా పైన ఏదో అద్భుతం జరిగిందట.

మా ఆవిడ మొదట్లో నేనింటికి రాగానే మ్యాచ్ ఎలా జరిగిందని అడిగేది. తర్వాత్తర్వాత అడగడం మానేసి, పిన్నీసు పట్టుకుని ఎదురుచూసేది. అరికాలు ఆవిడ ఒళ్ళో పెట్టి ముళ్ళు తీయించుకునేవాణ్ణి.

"ఏవండీ, ఆట చూడ్డానికెళ్తున్నారా, కంచె కట్టడానికెళ్తున్నారా?"

"బంతి కోసం దిగాను."

"మా అన్నయ్యకొక్క ముల్లయినా గుచ్చుకుందా?"

"అతను ఎగువన కూర్చుంటాడు కదా."

"అదే అడుగుతున్నాను," అని ముల్లు తీసి నాకు చూపించింది. ఆ మాటలో ఉన్న ముల్లు మాత్రం నాకు బొర్రా వెళ్ళేదాకా తగల్లేదు.

బొర్రా గుహల దగ్గర, రైలు కట్టకి పైన ఒక గ్రౌండుంది. నేను చూసినవాటిలో అందమైనది అదే. ఇనుపరాయి మోసుకుంటూ గూడ్సుబండి కింద నుంచి పోతుంటే ఆటగాళ్ళు కూడా ఆట ఆపి పెట్టెలు లెక్కపెడతారు. మేం అక్కడికి చేరాక నేను కాల్చిన మొక్కజొన్న పొత్తులు కొనడానికి రోడ్డు పక్కకి వెళ్ళాను. తిరిగొస్తుంటే బావ నాకు వీపు పెట్టి ఫోనులో మాట్లాడుతున్నాడు. కండక్టరు గొంతు. రహస్యం కూడా ఆఖరి సీటు దాకా వినపడేలా చెప్తాడు.

"ఆఁ, తెచ్చీసినాను. దిగువకి మనిసి నా దగ్గరే ఉన్నాడు. మంచోడు, ఎదురు సెప్పడు. బంతి పాతాళంలో పడినా ఎతికి తెస్తాడు. మీరు బేగి మొదలెట్టీయండి... మరి నాకు మైకు పక్కన కుర్సీ. మేకని కోసినప్పుడు కార్జం నాకే ఉంచాల. ఎప్పట్లాగే."

ఎప్పట్లాగే! అంటే దిగువ మనిషి దొరక్క టోర్నమెంట్లు ఆగిపోతుంటే, మా బావ కొండకొండకీ నన్ను సరఫరా చేస్తున్నాడన్నమాట. నా మోకాళ్ళ మీద అతనికి మైకు పక్క కుర్చీ, మేక కార్జం.

నాకు రావాల్సిన కోపం రాలేదని సిగ్గుపడుతూ చెబుతున్నాను. ముందుగా వచ్చింది సంతోషం. పాతాళంలో పడినా వెతికి తెస్తాడట! బడిలో అన్నేళ్ళు పాఠాలు చెప్పినా ఎవరి చేతా అంత మంచిమాట అనిపించుకోలేదు నేను. కోపం తర్వాత వచ్చింది, రైలు కట్ట మీద. చివరి ఓవర్లో ఒకడు కొట్టిన బంతి గాల్లో తేలి తేలి, కింద పోతున్న గూడ్సుబండి పెట్టెలో పడింది. బంతి విశాఖపట్నం వెళ్ళిపోయింది. అయినా రూలు రూలే. నేను లేచి దిగితే గానీ రెండో బంతి వెయ్యరు. లేని బంతి కోసం కట్ట దాకా దిగాను. ఆఖరి పెట్టె పోయేదాకా చెయ్యి ఊపి మళ్ళీ ఎక్కాను. ఎక్కేసరికి అంతా అయిపోయింది. బావ కార్జం తింటున్నాడు.

"సూసావేటి బావా, ఆ సివరి..."

"చూళ్ళేదు," అన్నాను.

ఆ తర్వాత ఒకసారి తిరగబడ్డాను. మారేడుమిల్లిలో. మాకది దగ్గర కాదు. ఈ కొండలు దిగి, మైదానం దాటి, మళ్ళీ కొండలెక్కాలి. బావతో కలిసి బస్సుల్లో అంతదూరం వెళ్ళిందే చివరి బంతి చూద్దామని. దిగువ కుర్చీ పద్ధతి మాకంటే ముందే అక్కడికి చేరిపోయింది. దిగువ కుర్చీ వైపు కన్నెత్తకుండా నేరుగా ఎగువకి పోయి జనం మధ్య చాప మీద కూర్చున్నాను. ఎవరూ ఏమనలేదు. ఆట మొదలవలేదు, అంతే. రెండు జట్లూ నిలబడ్డాయి. అంపైరు నిలబడ్డాడు. జనమంతా ఖాళీ కుర్చీ వైపు ఓసారి, నా వైపు ఓసారి చూస్తున్నారు. బావ ఆకాశం వైపు చూస్తున్నాడు. బడిలో పిల్లలు ఇలా చూస్తేనే నేను ఇవ్వకూడని సెలవు ఇచ్చేసేవాణ్ణి. లేచి, చాప దులిపిచ్చి, దిగువకి నడిచాను. చప్పట్లు మోగాయి. ఆ రోజు బంతి వెదురుపొదలో ఇరుక్కుంది. పొదలోంచి నేను బయటికొచ్చేసరికి ఆట అయిపోయింది, బొంగులో వండిన చికెన్ కూడా అయిపోయింది. బొంగు మిగిలింది.

ఇహ లాభం లేదని, సాలూరులో పెద్ద టోర్నమెంటు పెడితే ఒక్కణ్ణే వెళ్ళాను. మా ఊరు. బల్లపరుపు నేల. ఎగువా లేదు, దిగువా లేదు, బావా లేడు. బంతి తేవడానికి రూలూ లేదు. సిమెంటు మెట్ల మీద దర్జాగా కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. ఆట చివరి ఓవరుకొచ్చింది. అప్పుడు ఒకడు బంతిని గోడ అవతలికి కొట్టాడు. మరుక్షణం నేను గోడ అవతల ఉన్నాను.

ఎవరూ పంపలేదు. ఎవరూ పిలవలేదు. బంతి లేవగానే కాళ్ళు వాటంతటవే లేచాయి. కాలవ పక్కన బంతి చేతిలో పట్టుకుని నిలబడ్డాక, నేనెక్కడున్నానో, ఎందుకున్నానో తెలిసింది. గోడ మీంచి తల పెట్టి చూస్తే జనం లేచి పోతున్నారు. ఫీల్డింగు కుర్రాడొకడు బంతి తీసుకుని, "థాంక్సండి, మీరు ఎవరి తాలూకండి?" అన్నాడు. దిగువ తాలూకా అనాలనిపించింది.

ఆ చలికాలం మోకాలు వాచింది. డాక్టరుగారు, ఈసారి ఆయన కుర్చీలో ఆయనే ఉన్నారు, ఎక్స్‌రే ఫోటో చూసి, వచ్చే వేసవి దాటాక కొండలెక్కడం దిగడం మానెయ్యమన్నారు. అంటే నాకు మిగిలింది ఆ ఒక్క వేసవే. మా ఆవిడ అప్పుడే మోకాలి పట్టీ కొనేసి, "ఇంక ఆ బంతులకి సెలవు చెప్పండి," అంది. నాకు బెంగ పట్టుకుంది. చివరి బంతి చూడకుండానే నా ఆట అయిపోతుందేమోనని.

ఈస్టర్ తర్వాతి ఆదివారం బావ సొంత ఊళ్ళోనే టోర్నమెంటు. చర్చి కుర్రాళ్ళు పెట్టారు. ఫైనల్లో బావ ఊరికీ, లోయలో పారే గెడ్డ అవతలి ఊరికీ పోటీ. బావ వారం నుంచీ బస్సులో ఇదే పాట. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, మెళ్ళో కండక్టరు విజిలు వేసుకుని, మైకు పక్కన పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. నేను మోకాలి పట్టీ బిగించుకుని దిగువ కుర్చీలో కూర్చున్నాను. చప్పట్లకి లేచి నమస్కారం పెట్టే ఓపిక లేక చెయ్యి ఊపాను.

బావ ఊరిది రెండో బ్యాటింగు. ఆఖరి ఓవరు. అనుకున్నట్టే బంతి నా మీదుగా కిందికి పోయింది. లేచాను, దిగాను. మెల్లగా, ఒక చెట్టు పట్టుకుని ఇంకో చెట్టు దాకా. అడ్డాకుల తీగలు అల్లుకున్న చోట చేతికర్రతో కదుపుతూ వెతుకుతున్నాను. బంతి లేదు. గెడ్డ వైపు దొర్లినట్టుంది. ఇంతలో పైన పెద్ద కేక. తలెత్తి చూద్దును కదా, రెండో బంతి కూడా వచ్చేస్తోంది. తిన్నగా వచ్చి, అడ్డాకు మీద పడి, జారి, నా చెప్పు దగ్గర ఆగింది. చేతిలోకి తీసుకున్నాను. ఇన్నాళ్ళలో నన్ను వెతుక్కుంటూ వచ్చిన బంతి ఇదొక్కటే.

మైకు మోగింది. "రెండు బంతులును దిగువనే ఉన్నవి. ఒక్క బంతి ఆట మిగిలి ఉన్నది. మూడు పరుగులు కావలెను. అందరును ఓపిక పట్టవలెనని కోరుచున్నాము."

డప్పులు ఆగిపోయాయి. అప్పుడు తట్టింది నాకు. ఈ ఒక్కసారి నేను పైకి వెళ్తే గానీ ఆట అవదు. చివరి బంతి నా గుప్పెట్లో ఉంది.

నిజానికి అలాగే ఎక్కి ఇచ్చేసి, ఏ మూలో నిలబడి చూసేస్తే సరిపోయేది. కానీ ఎగువ నుంచి బావ గొంతు వినిపించింది. "బావా! బేగి ఎతుకు! ఊరంతా సూస్తన్నాది! ముసిలోడివైపోనావేటి?" జనం నవ్వారు.

బంతి జేబులో వేసుకున్నాను.

"బావా!" అని పిలిచాను.

"ఏటి?"

"పొదలో ఏదో కదుల్తోంది. కర్ర పట్టుకుని నువ్వోసారి రా."

పొదలో కదుల్తున్నది నేనే గనక అది అబద్ధం కాదు.

బావ ఎవరినో పంపబోయాడు. "ఒరే, ఎవుడైనా ఎల్లండ్రా," అనడం వినపడింది.

"ఆయన నిన్నే పిలిసినాడు. నువ్వే ఎల్లాల," అని ఎవరో పెద్దాయన అన్నాడు. కుర్రాళ్ళు ఈలలు వేశారు. తప్పక బావ తెల్ల ప్యాంటు పైకి మడుచుకుని దిగడం మొదలుపెట్టాడు. సగం నడిచాడు, సగం జారాడు. నా దగ్గరికి వచ్చేసరికి ప్యాంటు వెనక పక్క ఎర్రమట్టి రంగుకొచ్చింది.

"ఏదీ? పామేటి?"

"వెళ్ళిపోయినట్టుంది. మొదటి బంతి మాత్రం గెడ్డ వైపు దొర్లింది. నువ్వటు చూడు. నేనిటు చూస్తాను."

"మోకాలు నొప్పితో నువ్వు ఎంతకని ఎతుకుతావు బావా," అని పాపం జాలి కూడా పడి, ముళ్ళకంపలు తప్పించుకుంటూ గెడ్డ వైపు దిగాడు. ఆ జాలికి ఒక్క క్షణం మనసు చివుక్కుమంది. మేక కార్జం గుర్తుకొచ్చి సర్దుకుంది. అతని తల తుప్పల్లో కనుమరుగవగానే నేను ఎక్కడం మొదలుపెట్టాను. ఆ మోకాలు నాది కానట్టే ఎక్కాను.

పైకొచ్చి జేబులోంచి బంతి తీసి బౌలరు చేతిలో పెట్టాను. "దొరికింది." గ్రౌండంతా చప్పట్లు. నేను తిన్నగా నడిచి వెళ్ళి మైకు పక్కన బావ కుర్చీలో కూర్చున్నాను. ఎవరూ లేపలేదు.

కింద నుంచి సన్నగా కేక. "ఉండండ్రా! నేనొస్తన్నాను, ఉండండి!" ఆ వెంటనే విజిలు. డప్పులు అందుకున్నాయి, విజిలు మునిగిపోయింది.

చూశాను. మొత్తం చూశాను. బౌలరు పరిగెత్తుకొచ్చి వేశాడు. బ్యాటు పట్టిన కుర్రాడు కళ్ళు మూసుకుని గాలిని కొట్టాడు. బంతి వెళ్ళి నడిమి వికెట్టుకి తగిలింది. వికెట్లంటే వెదురుకర్రలే, ఎండకి రాయైపోయిన నేలలో సుత్తితో దిగేసినవి. టక్ మని చప్పుడైంది గానీ కర్ర పడలేదు, వంగలేదు. బంతి ఎగిరి కీపరు భుజం మీదుగా వచ్చి మా బల్ల కిందికి దూరింది. మేకపోతు దాన్ని వాసన చూసి, నచ్చక, మూతితో ఇంకాస్త లోపలికి నెట్టింది. ఫీల్డర్లు బల్ల కింద తలలు ఢీకొట్టుకుంటుంటే అక్కడ బ్యాటర్లు ఒకటి, రెండు, మూడు పరుగులు తీసేశారు.

అవుటని ఒకరు, కాదని ఒకరు. వికెట్ల మీద పెట్టే పుల్లలు ఈ కొండల్లో ఉండవు. కర్ర కదిలితే అవుటు, లేకపోతే లేదు. కదిలిందా? రెండు జట్లూ అరుచుకుని అరుచుకుని, చివరికి అంపైరు నా దగ్గరికి వచ్చాడు.

"మేస్టారూ, దిగువ మనిసి మాట అందరికీ మాటే. మీరు సూసినారా?"

జవాబు కావాలని ఈ ప్రశ్న నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. లేచి నిలబడ్డాను. బావ ఊరు గెలవాలనీ లేదు, ఓడాలనీ లేదు నాకు. చూసింది చెప్పాలి, అంతే.

"నా కళ్ళతో చూశాను. బంతి తగిలింది. కర్ర కదల్లేదు," అన్నాను. గెడ్డ అవతలి ఊరివాళ్ళు కూడా సరేనన్నారు.

బావ పైకి వచ్చేసరికి రెండు ఊళ్ళవాళ్ళూ చేతులు పట్టుకుని థింసా ఆడుతున్నారు. తెల్లచొక్కా నిండా ముళ్ళు, చేతిలో మొదటి బంతి.

"గెలిసినామా?" అన్నాడు.

"గెలిచారు," అన్నాను.

"ఎలగ?"

ఆడేవాళ్ళని పట్టుకుని అడిగాడు. వికెట్టుకి తగిలిందని ఒకడన్నాడు. తగిలితే ఎలా గెలుస్తాంరా అని ఇంకొకడన్నాడు. మేక ఆడిందని మూడోవాడన్నాడు. అందరూ కలిసి, "మీ బావనే అడుగు. తీర్పు సెప్పింది ఆయనే," అన్నారు. తన ఊరు గెలిచిన ఆట. తెల్లారితే సోమవారం. బస్సు నిండా జనం అడుగుతారు.

మోటారుసైకిలు స్టార్టు చేశాక వెనక్కి తిరిగి, ఎన్నడూ లేనంత మెత్తగా అన్నాడు. "బావా, ఏటైందో సెప్పవా? గాలికి ఇనపడకపోతే నెమ్మదిగానే నడుపుతాను."

"చెప్తాను. ముందు టాస్ గురించి చెప్పాలి," అన్నాను.

"టాస్ నేనూ సూసినాను కదా!"

"పైనుంచి చూశావు. దిగువ నుంచి వేరేలా ఉంటుంది."

టాస్ వేసిన బిళ్ళ ఎంత ఎత్తు లేచిందో, ఎండ దాని మీద ఎలా మెరిసిందో చెప్పాను. మొదటి ఓవరు బంతి బంతికీ చెప్పాను. రెండో ఓవరులో ఒక కుక్క పిచ్ మీద నడిస్తే, అది ఏ కాలు ముందేసిందో చెప్పాను. బావ బండి నడక వేగానికి తెచ్చేశాడు. మమ్మల్ని సైకిళ్ళు దాటిపోయాయి. మా గుమ్మం ముందు ఆగేసరికి ఆట ఇంకా మూడో ఓవర్లోనే ఉంది.

"మరి సివరి బంతి, బావా?"

నేను బండి దిగి, మోకాలు పట్టుకుని, అబ్బా అన్నాను. నొప్పిగా ఉందని చెప్పి లోపలికి పోయి పడుకున్నాను.